కూడలి ముందు గరుకు గీతలు

తమాలే పట్నం వెళ్ళే తారు రోడ్డును మా ఊరి మట్టిదారి దాటే చోట బొబ్బర్ల వడలు వేసేది నేనే, సనాతుని. నిరుడు టమాటాల లారీ ఒకటి అక్కడే మా చెల్లెలు లారిబాను పొట్టన పెట్టుకుంది. డ్రైవరూ పోయాడు. రోడ్డు వాళ్ళ ఆఫీసు ముందు పొయ్యి పెట్టుకు కూర్చుని గొడవ చేస్తే, అప్పుడు వచ్చి కూడలికి ముందు రోడ్డుకు అడ్డంగా తారుతో ఎత్తుగా గరుకు గీతలు పోశారు. చక్రం ఎక్కిందంటే దడదడమంటాయి. డ్రైవరు నిద్ర వదులుతుంది, దాటేవాళ్ళు ఆగుతారు.

ఎడారి దుమ్ము గాలి మొదలయ్యాక, బండేదీ రాకుండానే అవి మోగసాగాయి.

"సనాతక్కా, నీ గీతలే దెయ్యాన్ని పిలుస్తున్నాయి," అన్నాడు ఇద్రిసు, మా ఊరి కుర్రకారుకు పెద్ద.

"పిలవట్లేదురా మొద్దూ, వస్తోందని చెబుతున్నాయి. చెవులు మూసుకుంటే అది పోతుందా?"

వినలేదు. మర్నాడు పొద్దున్నే గీతల్ని గునపంతో పెళ్ళగించాడు. అడ్డం పడ్డాను, తిట్టాను, చెయ్యి కొరికాను కూడా. అయినా ముక్కలన్నీ నా పొయ్యి పక్కన కుప్ప పోశాడు.

అంతలో దుమ్ము కమ్మి ఎదుటి మనిషి కనబడటం లేదు. రోడ్డుకు అవతలి బోరింగు నుంచి నా కూతురు వున్పిని నీళ్ళ బేసిను నెత్తిన పెట్టుకుని వస్తోంది. పాట వినబడుతోంది, పిల్ల కనబడదు.

అప్పుడు వాసన... కుళ్ళిన టమాటాల వాసన.

"అక్కా... ఏంటిది?" ఇద్రిసు గొణిగాడు.

"నోర్ముయ్."

దడ్... దడ్... దడ్...

రోడ్డు మీంచి కాదు. కుప్పలోంచి. ముక్కలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

పాట ఆగింది. బేసిను కిందపడింది. ఏదో పెద్దది, ఇంజిన్ మోతే లేకుండా, మా ముందు నుంచి పోయింది. పొయ్యి ఆరిపోయింది.

వున్పిని తడిసి ముద్దయి వచ్చి నా మీద పడింది. "ఆ చప్పుడు విని వెనక్కి గెంతానమ్మా..." బావురుమన్నాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది. రోడ్డు మధ్యకెళ్ళి నిలబడ్డాను.

"మా చెల్లిని తిన్నావు, చాలదూ? నా పిల్ల జోలికొస్తే ఊరుకోను. ఈ రోడ్డు పొడుగునా గీతలే పరుస్తా, ఎలా వస్తావో రా!"

ఇద్రిసు నా పొయ్యి మళ్ళీ రాజేసి తారు కాచాడు. నేనే ముక్కల్ని ఎక్కడివక్కడ అతికించాను. అతికించిన ప్రతి ముక్కా కదలడం మానేసింది. చివరిదాన్ని చేతిలోకి తీసుకుంటే వణుకుతోంది.

"వణుకు తల్లీ. నేను మాత్రం వణకను," అని రోడ్డుకు అతికించి, అరచెయ్యి వేసి గట్టిగా నొక్కాను.

తారు చల్లారింది. గట్టిపడింది. ఆ ముక్క మాత్రం... మళ్ళీ వస్తోందని చెబుతున్నట్టు, నా చెయ్యి కింద ఇంకా వణుకుతూనే ఉంది.