సఖినేటిపల్లిలో వర్షం పడిందా?

"మాస్టారూ, మీ పడవెక్కితే మా ఊరివాళ్లు నర్సాపురం చేరరండీ. ఎక్కడో పైన, ముక్కూ మొహం తెలియని గట్టు మీద దిగుతారు."

సౌజన్య ఈ ముక్క టైపు చేసి, ఒకసారి చదువుకుని, మీట నొక్కింది.

ఆమె సఖినేటిపల్లి హైస్కూల్లో ఫిజికల్ సైన్సు టీచరు. 2007లో ఆ ఊళ్లో ఇంటర్నెట్ చూడాలంటే గోదావరి దాటాల్సిందే. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కలిపి దాటించే వెడల్పాటి పడవ ఉంది, పంటు అంటారు. బడి వదలగానే పంటెక్కి నర్సాపురం రేవులో దిగి, నెట్ సెంటర్లో కూర్చోవడం ఆమెకి అలవాటు. ఫిజిక్స్ చెప్పే మాస్టార్లంతా చేరిన గ్రూపు ఒకటి ఉంది ఇంటర్నెట్లో. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ ఒకరి పాఠాలు ఒకరు చూసుకునేవారు.

గ్రూపు పెద్ద శివప్రసాద్. రామచంద్రపురంలో జూనియర్ కాలేజీ లెక్చరరు. కంప్యూటర్లో బొమ్మలు కదిలేలా పాఠాలు తయారు చేస్తాడు. ఆ వారం పాఠం, ఏరు దాటే పడవ. ఏరు కిందకి లాగుతుంది కాబట్టి పడవ ముక్కు ఎగువకి తిప్పాలి, అప్పుడు తిన్నగా అవతలి గట్టుకి చేరుతుంది. అందరూ బాగుంది బాగుంది అన్నారు, సౌజన్య తప్ప.

ఆమె ఇంకా కుర్చీలోంచి లేవకముందే జవాబు వచ్చింది.

"సౌజన్య గారూ, లెక్క సరిగ్గానే ఉందండీ. ఏరు సముద్రం వైపు పారడం మీద మీకేమైనా అభ్యంతరమా?"

"ఉందండీ. రోజుకి రెండుసార్లు."

ఇక అతను ఊరుకోలేదు. సూత్రాలు రాశాడు. బాణాలు గీశాడు. రెండో రోజు ఇంకో బొమ్మ పెట్టాడు. సౌజన్య దేనికీ వివరం ఇవ్వలేదు. "మీరొకసారి వచ్చి చూడండి మాస్టారూ" అని మాత్రం రాసింది.

చివరికి కొత్తపేట నుంచి జీవరత్నం మాస్టారు కలగజేసుకున్నారు. రిటైరైన మనిషి, గ్రూపులో అందరికన్నా పెద్ద. "నాయనా శివప్రసాదూ, బస్సు ఛార్జీతో తేలిపోయేదానికి ఇన్ని బాణాలెందుకయ్యా? ఆదివారం వెళ్లి పంటెక్కి రా."

ఆదివారం వర్షం.

రేవులో రేకుల షెడ్డు కింద ఒకతను నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పొట్ట దగ్గర కెమెరాకి ప్లాస్టిక్ కవరు చుట్టి, పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"శివప్రసాద్ మాస్టారాండీ?"

"ఆయ్. సౌజన్య గారేనాండీ?"

"నేనేనండీ. మీరు పెద్దాయనేమో అనుకున్నాను."

"ఎందుకండీ?"

"గ్రూపులో మీ కోపం చూసి." ఆమె కవరు వైపు చూసింది. "కెమెరాకి కవరు తెచ్చుకున్నారు. మీకేదండీ?"

అతను తన చొక్కా వైపు ఇప్పుడే చూసుకున్నట్టు చూసుకున్నాడు. "గొడుగు బస్సులో ఉండిపోయిందండీ."

ఆమె తన గొడుగు అతని మీదకి జరిపింది. తను సగం తడిసింది. ఆ సంగతి ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

పంటు కదిలింది.

"ఇప్పుడు చూడండి. పంటు నడిపేవాడు ముక్కు ఎటు తిప్పేడు?"

శివప్రసాద్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "సముద్రం వైపు."

"నీళ్లు ఎటు వెళ్తున్నాయి?"

పంటు పక్కనే గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా కొట్టుకుపోతోంది. సముద్రం వైపు కాదు, పైకి. రాజమండ్రి ఎటుందో అటు.

"ఏరు వెనక్కి వెళ్తోందండీ!" అని అతను గట్టిగా అరిచేశాడు.

పంటులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. చేపల గంప పక్కన కూర్చున్న పెద్దావిడ అడిగింది. "ఈ బాబుది ఏ ఊరమ్మా?"

"రామచంద్రపురమండీ" అంది సౌజన్య.

"పాపం" అంది ఆవిడ.

సముద్రం దగ్గరున్న ఏరు పోటు వేళ వెనక్కి నడుస్తుందని అక్కడ పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పంట కాలవల మధ్య పెరిగినవాడికి ఎవరూ చెప్పలేదు. శివప్రసాద్ కెమెరా తీయడం మర్చిపోయి, నోరు తెరుచుకుని అలాగే చూస్తున్నాడు.

"పోటు అని ఒక్క మాట రాసుంటే సరిపోయేది కదండీ?" అన్నాడు కాసేపటికి.

"రాస్తే లెక్క సరిదిద్దేసి ఊరుకునేవారు. ఏరు చూసేవారు కాదు."

"నిజమేనండీ" అన్నాడతను ఒప్పుకుంటూ. "తప్పు నాదే. ఈ పాఠం మళ్లీ చేస్తాను. బొమ్మలు నావి, గొంతు మీది. సరేనాండీ?"

ఓడిపోయి అంత సంతోషపడే మనిషిని సౌజన్య ఎప్పుడూ చూడలేదు. నవ్వింది. ముందటి కార్తీకంలో అమ్మ పోయాక, తన నవ్వు తన చెవిన పడడం అదే మొదలు. ఆమె చప్పున మొహం నీళ్ల వైపు తిప్పుకుంది. అతను ఏమీ అడగలేదు. అడగకపోవడం ఆమెకి నచ్చింది.

పాఠం తయారైంది. మాస్టార్లు మెచ్చుకున్నారు. అక్కడితో అయిపోవాల్సిన కథే.

నాలుగు రోజుల తరవాత సౌజన్యకి విడిగా ఒక మెయిల్ వచ్చింది. "సఖినేటిపల్లిలో వర్షం పడిందాండీ?" అంతే. కింద సంతకం.

గ్రూపుకి ఒక నియమం ఉంది. సభ్యులు పాఠాల గురించి విడిగా రాసుకోకూడదు, ఒకరి సందేహం అందరి సందేహం. ఆ నియమం పెట్టింది శివప్రసాదే. సౌజన్య పెదవి బిగబట్టి, ఆ మెయిల్ని తీసుకెళ్లి గ్రూపులో పెట్టింది.

"సఖినేటిపల్లిలో వర్షం పడిందా అని శివప్రసాద్ మాస్టారు సందేహం వెలిబుచ్చేరు. పడిందండీ. అందరికీ తెలియాలని రాస్తున్నాను."

అమలాపురం నుంచి మేరీ టీచరు వెంటనే రాసింది. "అమలాపురంలో కూడా పడిందండీ. మమ్మల్ని ఎవరూ అడగలేదు."

రాజోలు మాస్టారు మబ్బు పట్టిందన్నారు. జీవరత్నం మాస్టారు తన పెంకుటింట్లో ఎక్కడెక్కడ కారుతోందో వివరంగా రాశారు. సాయంత్రం దాకా గ్రూపులో వానే వాన.

శివప్రసాద్ స్థానంలో ఇంకొకరైతే నెల రోజులు కనబడేవారు కాదు. అతను మర్నాడు పొద్దున్నే కొత్త ప్రకటన పెట్టాడు. ప్రతి బళ్లోనూ పిల్లలు కూల్‌డ్రింకు సీసా కోసి, స్కేలు అంటించి, వాన కొలవాలి. ఏ రోజు లెక్క ఆ రోజు గ్రూపుకి పంపాలి. కోనసీమ వాన పటం తయారు చేద్దాం.

"పరువు కాపాడుకోవడానికి ప్రాజెక్టు పెట్టేరు" అనుకుంది సౌజన్య. అయినా ఆ సాయంత్రమే సీసా కోయించింది.

ప్రాజెక్టు మాత్రం నిజంగానే బాగుంది. పిల్లలు వాన వస్తే గంతులేసేవారు. దసరా వెళ్లేసరికి స్కూలు కంప్యూటరుకి ఫోను లైను మీద కనెక్షనొచ్చింది, ఏరు దాటే పని తప్పింది. సౌజన్య ఇంటి పెరట్లో కూడా ఒక సీసా పెట్టింది. దాని బాధ్యత వాళ్ల నాన్న గోవిందరాజులు తీసుకున్నారు. కొబ్బరితోట చూసుకునే మనిషి. పొద్దున్నే సీసా ముందు వంగి, "ఇవాళ ఆరండోయ్!" అని కేకేసేవారు.

వానాకాలం వెళ్లింది. చలికాలం కూడా వెళ్లింది. ఇవాళ్టి వాన లెక్కేదండీ అని శివప్రసాద్ గ్రూపులో రోజూ అడుగుతూనే ఉన్నాడు.

మార్చిలో ఒక సాయంత్రం గ్రూపులో ప్రకటన వచ్చింది. హైదరాబాదులో కంప్యూటర్ పాఠాలు చేసే కంపెనీలో శివప్రసాద్‌కి ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. "ఇకమీదట గ్రూపు బాధ్యత సౌజన్య గారిది. ఆమెని మించినవారు లేరు." మిగతా అంతా మర్యాదలే.

సౌజన్య రెండుసార్లు చదివింది. ఆ మాటల్లో ఎక్కడా ఆమెకి అని ఒక్క మాట లేదు.

ఆ రోజు ఆమె లెక్క పంపలేదు. మర్నాడూ పంపలేదు.

"ఏంటమ్మా, వాన లెక్క పంపడం మానేసేవా?" అన్నారు గోవిందరాజులు, అన్నం తింటూ. "ఆ రామచంద్రపురం ఆయన ఎదురుచూడడూ?"

"అది ఆయన కోసం కాదు నాన్నా. పిల్లల ప్రాజెక్టు."

"ఆయ్. పిల్లల ప్రాజెక్టే." ఆయన మజ్జిగ పోసుకున్నారు. "నాకు కంప్యూటరు తెలీదు గానీ, మార్చి నెల్లో వాన లెక్క అడిగేవాడికి కావలసింది వాన కాదని తెలీదేంటమ్మా?"

సౌజన్య మజ్జిగ గిన్నె మీద మూత పెట్టింది.

"మంచివాడేనా?"

"మంచివారే నాన్నా. తప్పు చూపిస్తే సంతోషిస్తారు."

"అయితే దొరకని సరుకే." ఆయన కాసేపు కంచం వైపు చూశారు. "మీ అమ్మయితే ఈపాటికి బస్సెక్కి వెళ్లి, మొహం మీద అడిగేసి వచ్చేసేది."

ఇద్దరూ ఒకేసారి నవ్వబోయి ఆగిపోయారు. ఆ తరవాత నిజంగానే నవ్వారు.

"శనివారం సెలవు పెడతాను" అంది సౌజన్య.

"నేనూ వస్తాను. మాటల్లో అడ్డు రానులే."

రాజోల్లో ఒక బస్సు, అమలాపురంలో ఒక బస్సు మారి మధ్యాహ్నానికి రామచంద్రపురం చేరారు. గోవిందరాజులు గారు కాలేజీ ఎదురుగా టీ కొట్టు బల్ల మీద పేపరు పట్టుకుని కూర్చున్నారు. సౌజన్య ఒక్కతే కంప్యూటర్ల గదిలోకి వెళ్లింది.

శివప్రసాద్ వైర్లు చుడుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. "మీరా! గ్రూపు గురించా అండీ? పాస్‌వర్డు అదీ..."

"గ్రూపు గురించి గ్రూపులోనే రాసేదాన్నండీ."

అతను కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఉద్యోగం మానెయ్యమని చెప్పడానికి రాలేదు. అడగవలసింది అడక్కుండా వెళ్లొద్దని చెప్పడానికి వచ్చేను."

శివప్రసాద్ చేతిలో వైరుని మళ్లీ మొదటినుంచి చుట్టడం మొదలెట్టాడు.

"రోజూ అడిగేను కదండీ" అన్నాడతను మెల్లిగా. "రోజూ. మీరే..."

"నేనే ఏంటండీ?"

"జనవరి నుంచీ వరసగా సున్నా పంపించేరు."

"వాన పడకపోతే సున్నా కాక ఏం పంపుతారండీ?"

"అదీ నిజమే."

"మీ పటంలో మిగతా మాస్టార్లు ఎప్పుడు మానేసేరు? మేరీ టీచరు ఎప్పుడు మానేసేరు?"

శివప్రసాద్ ఆలోచించాడు. "డిసెంబర్లోనండీ. అందరూ డిసెంబర్లోనే మానేసేరు."

"నేనొక్కదాన్నే, చుక్క వాన లేకపోయినా, రోజూ పంపేను. దాన్ని మీరు సున్నా అని చదువుకున్నారు. ఫిజిక్స్ చెప్తారు మీరు!"

అతని మొహంలో అదే వెలుగు. పంటు మీద ఏరు వెనక్కి వెళ్లడం చూసినప్పుడు వచ్చినదే. తప్పు పట్టుబడిన ఆనందం.

"ఆ కంపెనీ వాళ్లు పాఠాలు ఇక్కణ్ణించి పంపినా తీసుకుంటామన్నారండీ" అన్నాడు తొందర తొందరగా. "నిజానికి హైదరాబాదు వెళ్లక్కర్లేదు."

"మరి ఎందుకు వెళ్తానన్నారు?"

"ఉండమని ఎవరూ అనలేదు."

"ఇప్పుడూ నేను అనను. ముందు మీరు అడగాల్సింది అడగండి."

శివప్రసాద్ చేతిలో వైరు బల్ల మీద పెట్టాడు. చొక్కా సర్దుకున్నాడు. లెక్చరరు గొంతు ఎక్కడికి పోయిందో గాని, మామూలు గొంతు ఒకటి బయటికి వచ్చింది.

"సౌజన్య గారూ, నన్ను పెళ్లి చేసుకుంటారాండీ?"

"ఆలోచించి చెప్తాను" అంది ఆమె.

అతని భుజాలు జారిపోయాయి. "అలాగేనండీ. ఎన్నాళ్లయినా..."

సౌజన్య కిటికీలోంచి ఎదురుగా టీ కొట్టు వైపు చూసింది. పేపరు తలకిందులుగా పట్టుకుని, ఈ కిటికీనే చూస్తున్నారు నాన్న. ఆమె ఇటు తిరిగింది.

"ఆలోచించేను" అంది. "ఆయ్."