మీటరు లేని ఇంట్లో దీపం

ఆ గదిలోకి పొద్దుగూకాక ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. పగలు వెళ్లాల్సి వచ్చినా తలుపు బార్లా తీసిపెట్టుకునే వెళ్లేవారు.

ఇల్లు పదేళ్లుగా ఖాళీ. కరెంటు మీటరు కూడా పీక్కుపోయారు. అయినా రాత్రిపూట ఆ చివరి గది కిటికీలో... దీపం వెలిగేది. పది నిమిషాలు వెలిగి, దానంతటదే ఆరిపోయేది.

ఆ గది గోడకి ఇవతల ఉండేది నేనే. దీపం నా కంట ఎప్పుడూ పడలేదు గానీ, చూసినవాళ్లందరికీ వివరాలు చెప్పింది నేనే.

ఆరేళ్ల కిందట సున్నాలాయన ఆ గదికి వెల్ల వేస్తూ, చీకటి పడ్డా పని ఆపలేదు. నిచ్చెన మీద నిలబడి దీపం చుట్టూ దుమ్ము తుడవబోయాడు... అంతే. నేల మీద దొరికాడు. అతని కుడిచేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

"ఎవరో మణికట్టు పట్టుకున్నారు వదినా... ఎంత గుంజుకున్నా వదల్లేదు" అన్నాడు.

తాగి పడ్డాడన్నారు జనం. మీటరే లేని ఇంట్లో కరెంటెక్కడిదన్నారు. నేను మాత్రం, ఆ ఇంట్లో ముందెప్పుడో పోయిన పెద్దకోడలే పట్టుకుందన్నాను. పట్టుకునే ముందు గాజుల చప్పుడు వినిపిస్తుందని కూడా చెప్పాను. గాజులు నేను కలిపినవే. అవి లేకపోతే కథ చప్పగా ఉంది మరి.

మొన్నామధ్య ఆ ఇల్లు దర్జీ కొన్నాడు. కొత్త మీటరు పెట్టించి, గోడలు గీకించి, బాగుచేయించడం మొదలుపెట్టాడు. ఊరందరి కొలతలూ తీసుకుంటాడు గానీ, తన చొక్కా మాత్రం ఎప్పుడూ వదులే. చివరి గదిలో కూతురి మంచం వేస్తారని తెలిసి, వాళ్లావిడకి కథంతా చెప్పాను.

"దెయ్యముంటే పాపకి జోకొడుతుంది లెండి పిన్నీ" అంది. గట్టిమనిషి.

పాత దీపాల వైర్లు ఉంచవచ్చో, మార్చాలో చూడటానికి ఎలక్ట్రీషియన్ని పిలిచారు. మా వీధిలో అతని పేరు 'రెండోసారి'. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తాడు. టీలో చక్కెర వేశావా అని భార్యని రెండుసార్లు అడుగుతాడు. ఆ పేరు పెట్టింది ఎవరో నేను చెప్పను.

పొద్దున్నే గోడలకి పూత పూసేవాళ్లు వస్తారు. వైర్లు బాగున్నాయని ఇతను అంటే, అన్నీ పూత కింద కప్పేస్తారు. అందుకని ఆ సాయంత్రమే తేల్చి చెప్పాలి. ఒక్కో గదీ చూసుకుంటూ, నా కథ పుణ్యమా అని ఆ గదిని చివరికి నెట్టాడు. అప్పటికి చీకటి పడనే పడింది.

ఇక్కణ్ణుంచి అతను చెప్పగా విన్నది.

మెయిన్ ఆపించాడు. ఫ్యూజు పీకించి దర్జీ చేతికే ఇచ్చాడు. "ఇది నీ చేతిలోంచి కదలకూడదు బావా."

టార్చి నోట కరుచుకుని నిచ్చెన ఎక్కాడు. బల్బు తీసి, హోల్డరు విప్పాడు. లోపల రెండు వైర్లు. ముట్టుకోగానే పైనున్న రబ్బరు పొడిపొడిగా రాలింది.

టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు.

టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. రాగితీగ పట్టుకోబోయాడు... చెయ్యి ఆగింది. ఒక్కసారి చూస్తే అతనికి తృప్తి ఉండదు కదా. టెస్టరు మళ్లీ తీశాడు.

ఎర్రగా వెలిగింది.

"బావా... ఫ్యూజు పెట్టేశావా?"

"నా చేతిలోనే ఉంది."

"చూపించు..."

దర్జీ గుమ్మంలోకి వచ్చి గుప్పిట విప్పాడు. తెల్లటి పింగాణీ ముక్క... అరచేతిలోనే ఉంది. టెస్టరు వెలుగుతూనే ఉంది.

అప్పుడు గోడలోంచి వినబడింది. చెప్పులీడుస్తున్న చప్పుడు... దగ్గరికొచ్చి ఆగింది. ఒక దగ్గు. టెస్టరు టక్కున ఆరిపోయింది.

దర్జీ భార్య, ఆ గట్టిమనిషి, పాపని ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది.

'రెండోసారి' కూడా నిచ్చెన రెండు మెట్లు దిగేశాడు. నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలు కనబడ్డాయి. పాప మంచం వేసే చోటు... సరిగ్గా ఆ దీపం కిందే. ఇప్పుడు పారిపోతే పొద్దున్నే పూత పడిపోతుంది.

మళ్లీ ఎక్కాడు. వైరు వెంట టార్చి వేశాడు. అది ఆ ఇంటి స్విచ్చుబోర్డు వైపు వెళ్లలేదు. చెక్కపట్టీ మీదుగా సాగి సాగి... గోడలోకి దూరిపోయింది. స్క్రూడ్రైవరు పిడితో గోడ మీద కొట్టాడు. రెండుసార్లు.

అవతలినుంచి గావుకేక.

ఆ కేకకి వీధి వీధంతా లేచొచ్చింది. కేక వేసింది నేను.

ఒకప్పుడు అదీ మాదీ ఒకే ఇల్లు. అన్నదమ్ములు నడుమ గోడ కట్టించుకుని, గుమ్మాలూ గూళ్లూ అన్నీ పంచుకున్నారు. ఆ ఒక్క దీపం వైరు పంచుకోవడం మరిచారు. మా నడవలో పక్కపక్కనే రెండు స్విచ్చులున్నాయి. ఒకటి పెరటి దీపానిది. రెండోది దేనికో అప్పటిదాకా నాకు తెలియదు. పెరట్లో అంట్లు సర్ది, తలుపు గడియ వేయడానికి వెళ్తూ అరచేత్తో రెండూ కలిపి నొక్కేదాన్ని. తిరిగొస్తూ రెండూ ఆర్పేదాన్ని. ప్రతి రాత్రీ.

'రెండోసారి' మా ఇంటికొచ్చి ఆ వైరు కత్తిరించాడు. పరీక్షించాడు. మళ్లీ పరీక్షించాడు. నేను నవ్వలేదు. దర్జీ పూతపని ఆపించి, పాత వైర్లన్నీ లాగించేశాడు.

ఆ గదికి రంగు వేయడానికి నిన్న సున్నాలాయన వచ్చాడు. ఎడంచేత్తోనే కుంచె. మధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడి మంచినీళ్లడిగాడు.

"వదినా, నా చెయ్యి పట్టుకున్నదాని కథ దర్జీ పాపకి చెప్పవూ? నువ్వు చెప్తేనే భయమేస్తుంది."

తెలిసి అడిగాడో, తెలియక అడిగాడో... ముఖం చూసి తేల్చుకోలేకపోయాను.

గ్లాసు కోసం కుడిచెయ్యి చాచాడు. వేళ్లు ముడవలేక గ్లాసు జారబోయింది. గబుక్కున అతని మణికట్టు పట్టుకున్నాను.

నా గాజులు మోగాయి.