నిబ్బర దీపం

2083 నాటికి విశాఖ రైతుబజార్లో పళ్ళమ్మేవాళ్ళు ఒట్లు పెట్టుకోవడం మానేశారు. తూకం పక్కన ఒక చిన్న దీపం ఉంటుంది. "తియ్యగా ఉంటాయమ్మా" అన్న మాట మనసులోంచి వస్తే అది నీలంగా వెలుగుతుంది, ఉత్త నోట్లోంచి వస్తే ఎర్రగా. పెళ్ళిచూపుల్లో కూడా ముందు దీపం పెట్టి, ఆ తర్వాతే కాఫీలు తెస్తున్నారు. దాని ధర్మమా అని పెళ్ళిళ్ళు కొంచెం తగ్గాయి. కాపురాలు మెరుగయ్యాయో లేదో ఇంకా ఎవరూ లెక్క తీయలేదు.

జనం నిబ్బర దీపం అంటారు గానీ దాని అసలు పేరు నిశ్చయ సూచిక. కనిపెట్టింది డాక్టర్ గొర్లె సుభాషిణి. మనిషి ఒక మాట అనే ముందు, దాని మీద తనకెంత నమ్మకముందో మెదడు లోలోపల తేల్చుకుంటుంది. అప్పుడు నుదుటి దగ్గర అతి బలహీనమైన విద్యుత్ తరంగం పుడుతుంది. దీపంలోని సెన్సర్ కొంత దూరం నుంచే ఆ తరంగాన్ని పట్టి, గొంతులోని ధీమాతో పోల్చి చూస్తుంది. గొంతు మనసును దాటిపోతే ఎరుపు, లేకపోతే నీలం. పాత కాలపు యంత్రాలు అబద్ధాల వెంట పడేవి. ఇది బుకాయింపును పట్టేస్తుంది.

సుభాషిణి దీన్ని సరదాకి చేయలేదు. ఆమె తమ్ముడు సముద్రపు గోడలు కట్టే ఇంజనీరు. ఒక గోడ ఆ ఏటి తుఫానుకు ఆగదేమోనని సమావేశంలో నసుగుతూ చెప్పాడు. ఆగి తీరుతుందని ఇంకొకాయన బల్ల గుద్ది చెప్పాడు. అందరూ బల్ల గుద్దినాయన్నే నమ్మారు. గోడ కూలినప్పుడు తమ్ముడు దాని మీదే ఉన్నాడు. నసిగేవాడికి కూడా తెలిసి ఉండొచ్చని లోకానికి చూపించాలన్న పంతంతో ఆమె ఏళ్ళ తరబడి ఈ దీపం పనిలోనే గడిపింది.

అందుకే జలధి కన్సల్టింగ్ వాళ్ళు తమ కేస్ ఇంటర్వ్యూల్లో దీపం పెడతామంటే సంబరపడి తనే స్వయంగా వెళ్ళింది. అది పెద్ద కంపెనీలకు సలహాలు అమ్మే సంస్థ. కేస్ ఇంటర్వ్యూ అంటే, ఒక వ్యాపారపు చిక్కుముడి చేతికిచ్చి, అప్పటికప్పుడు విప్పమంటారు. విప్పడం ఒక ఎత్తు, విప్పింది ధీమాగా చెప్పడం ఒక ఎత్తు. చివరికి ఇద్దరు మిగిలారు, ఉద్యోగం ఒక్కటి. ఆ ఇద్దరిలో హైమావతి సుభాషిణి దగ్గర చదువుకున్న పిల్ల. గొంతు వణికిందని ఇదే సంస్థ ఆమెను ఇంతకుముందు రెండుసార్లు పంపించేసింది. ఈసారీ రాకపోతే ఇక గడప తొక్కనివ్వరు. దీపం ఉంటుందని తెలిశాకే ధైర్యం చేసి మళ్ళీ దరఖాస్తు పెట్టింది.

ప్రశ్న ఇద్దరికీ ఒకటే. ఒక దీవిలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు నష్టాల్లో నడుస్తోంది. మూసేయాలా, నడపాలా?

హైమావతి కాగితం మీద లెక్కలు వేసి, ఖర్చు ఎక్కడ పెరుగుతోందో, ఎందుకు పెరుగుతోందో చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు వణుకుతూనే ఉంది. తర్వాత ఆగింది. దీవిలో ఎంతమందికి వేరే నీళ్ళు దొరుకుతాయో ఈ వివరాల్లో లేదనీ, అది తెలియకుండా మూసేయమని చెప్పలేననీ, ఎలా తెలుసుకోవాలో మాత్రం చెప్పగలననీ అంది. దీపం మొదటి నుంచీ నీలంగానే ఉంది. మూల కుర్చీలో కూర్చున్న సుభాషిణికి కళ్ళు చెమర్చాయి.

తర్వాత వచ్చిన తేజోవర్ధన్ కుర్చీలో వెనక్కి వాలి, మూసేయండి అన్నాడు. దీవిలో ఎనభై శాతం ఇళ్ళకి బావులున్నాయన్నాడు. ఆ అంకె అతనికి ఎవరూ ఇవ్వలేదు, అక్కడికక్కడే పుట్టించాడు. దీపం ఎర్రబడింది. అది అతనికీ కనిపిస్తూనే ఉంది. అయినా చిరునవ్వు చెదరలేదు, గొంతు జారలేదు.

ప్యానెల్ పెద్ద వేదుల నరహరి అతన్నే ఎంపిక చేశాడు.

సుభాషిణి ఆయన్ని పక్కకు పిలిచింది. "దీపం ఎర్రగా ఉండటం మీరు చూడలేదా?"

"చూశాం డాక్టర్ గారూ. చూసే తీసుకున్నాం."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన మర్యాదగానే వివరించాడు. తెలిసిన సంగతి ధీమాగా చెప్పేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. తనకేమీ తెలియదని తెలిసి కూడా, అది పైకి పొక్కకుండా నిలబడేవాళ్ళు తమకి కావాలి. ఇన్నాళ్ళూ ఆ రెండు రకాలవాళ్ళనీ విడదీసి చూడటం ఎవరి వల్లా కాలేదు. ఆమె పుణ్యమా అని ఇప్పుడు ఆ ఇబ్బంది తీరిపోయింది.

"మరి మీ క్లయింట్లు దీపం పెట్టుకోరా?"

"పెట్టుకోరండి. మూసేయాలని వాళ్ళు ముందే అనుకుని వస్తారు. ఎవరో ఒకరు ధైర్యంగా అవునంటే చాలు వాళ్ళకి."

బయట రిసెప్షన్ దగ్గర హైమావతి నిలబడి ఉంది. ఫలితం ఇంకా ఆమెకు తెలియదు. "నీలంగానే ఉంది కదా మేడమ్, ఈసారి వస్తుందా?" అని అడిగింది.

సుభాషిణికి తమ్ముడు గుర్తొచ్చాడు. తన ఇన్నేళ్ళ శ్రమా చివరికి బల్ల గుద్దేవాళ్ళకే పనికొచ్చింది. ఆ మాట ఈ పిల్లతో ఎలా అంటుంది? భుజం మీద చెయ్యి వేసి, ఉద్యోగం అవతలి అబ్బాయికి వెళ్ళిందని మాత్రం చెప్పింది. హైమావతి తల దించుకుంది. సుభాషిణి గొంతు సవరించుకుంది.

"నీలాంటివాళ్ళ కోసమే చూసే చోటు ఒకటి ఉంటుందమ్మా. నీకు తప్పకుండా దొరుకుతుంది."

రిసెప్షన్ బల్ల మీద కూడా ఒక దీపం ఉంది. హైమావతి దాని వైపు చూసింది. ఎర్రగా వెలుగుతోంది. ఆ పిల్ల కోప్పడలేదు, కళ్ళు తుడుచుకుంది.

"మీ గొంతు అస్సలు వణకలేదు మేడమ్," అంది. "మీకైతే వీళ్ళు ఉద్యోగం ఇచ్చేద్దురు."