తక్కువ నీళ్ళ పెట్టె

మధ్యాహ్నం బెల్ కొట్టగానే సైన్స్ టీచర్ రెండో పెట్టె తలుపు తీసింది. తీసి, చిన్నపిల్లలా గంతేసినంత పని చేసింది.

"చూశారా! ఇంత తక్కువ నీళ్ళతో కూడా మన పుదీనా ఎలా నవనవలాడుతోందో!"

క్లాసంతా ఒకటే చప్పట్లు. పిచ్చుక చేతులు మాత్రం లేవలేదు. పిచ్చుక అంటే నిజం పిచ్చుక కాదులెండి. గుప్పెడంత ఉండే ఒక పిల్ల. ఆ పేరు క్లాసువాళ్ళు పెట్టిందే.

అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళకు మొదట్లో కడుపులో తిప్పుతుంది, తిండి సహించదు. నాలుగు పుదీనా ఆకులుంటే కడుపుకి మందు, నోటికి రుచి. కానీ అక్కడ నీళ్ళకు ఎప్పుడూ కటకటే. అందుకే పుదీనా ఎంత తక్కువ నీళ్ళతో బతుకుతుందో చూసి చెప్పమని ఒక పరిశోధనశాల కొన్ని స్కూళ్ళను అడిగింది. ఈ గదిలోకి రెండు గాజు పెట్టెలు, వాటిలో గులాబీరంగు లైట్లు వచ్చింది అలాగే. మొదటి పెట్టెకు నిండుగా నీళ్ళు. రెండోదానికి సిరంజితో కొలిచి, కొంచెమే. కొలిచేది క్లాస్ లీడర్, అందరూ గుండు అని పిలిచే అబ్బాయి.

"ఈ నీళ్ళు సరిపోతాయని రేపే వాళ్ళకు చెప్పేస్తాను. పైకి వెళ్ళేవాళ్ళు మన కొలతతోనే పెంచుకుంటారు," అంది టీచర్.

పిచ్చుక గుండె జారిపోయింది.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి పెందలాడే వెళ్తూ పిచ్చుకను స్కూల్లో దింపేస్తుంది. అలా ముందుగా వచ్చిన ఒకరోజు, రెండో పెట్టెలో మొక్కలు తలలు వేలాడేసి కనిపించాయి. పిల్ల ప్రాణం ఉసూరుమంది. బాటిల్ మూతతో కాసిని నీళ్ళు పోసింది. మర్నాడూ పోసింది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.

ఆ సాయంత్రం పిచ్చుక కంచం ముందు కూర్చుందే కానీ ముద్ద ఎత్తలేదు.

"ఏమైందే? మొహం అలా వేలాడేశావేం?" అంది అమ్మ.

"అమ్మా, మా పుదీనా అబద్ధం చెబుతోంది."

"మొక్కలు అబద్ధాలు చెప్పడమేమిటే!"

అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కుతూనే అంతా చెప్పేసింది. "జాలేసిందమ్మా. పాపం, వాటికి దాహమేస్తోందని..."

అమ్మ పిచ్చుక కళ్ళు తుడిచింది.

"మరి పైన పెరిగే మొక్కలకు నీ బాటిల్ మూత ఉండదు కదే, తల్లీ," అంది మెల్లగా.

మర్నాడు పిచ్చుక క్లాసులో లేచి నిలబడి చెప్పేసింది. టీచర్ కుర్చీలో కూలబడిపోయింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పరిశోధనశాలకు ఫోన్ చేసి, "మా ఫలితం పనికిరాదండీ. మళ్ళీ పెంచడానికి ఇక టైమ్ లేదు. మమ్మల్ని తీసేయండి," అంది.

"చుక్క చుక్కా కొలిచానే నేను! అంతా నాశనం చేశావు కదే!" అని అరిచాడు గుండు.

ఆ మధ్యాహ్నం పిచ్చుక పక్కన ఎవరూ కూర్చోలేదు. పుట్టి బుద్ధెరిగి ఆ పిల్ల అంత ఒంటరిగా ఎప్పుడూ తినలేదు.

కొన్నాళ్ళకు టీచర్ మళ్ళీ పుదీనా కొమ్మలు నాటించింది. "ఎవరికీ పంపడానికి కాదు. మనం తెలుసుకోవడానికి," అంది. ఎవరి మొహంలోనూ ఉత్సాహం లేదు.

"టీచర్, రెండో పెట్టె నాకివ్వండి," అంది పిచ్చుక.

"నీకా?" అన్నాడు గుండు.

"నాకే. నువ్వు పక్కనే ఉండి చూడు."

రోజులు గడిచాయి. ఆకుల అంచులు ముడుచుకున్నాయి. లేత కొమ్మలు ఒక్కొక్కటే వంగిపోయాయి. పిచ్చుక కొలిచిన నీళ్ళు పోసి, ఖాళీ సిరంజి బల్లమీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎలా ఉందో చెప్పు," అన్నాడు గుండు, పెన్ను పట్టుకుని.

పిచ్చుక వంగి మొక్కను దగ్గరగా చూసింది.

"చచ్చిపోయేలా ఉంది," అంది. "అలాగే రాయి."