చిక్కుడు పాదులో కేబుల్

డిష్ మెకానిక్ అక్క మేడ మీదికి ఎక్కడం ఇది మూడోసారి. భుజాన బ్యాగు, చేతిలో మీటరు, నుదుటి నిండా చెమట. ఆమె వెనకే మెట్లెక్కుతున్న పదేళ్ళ పిల్లకూ చెమటలు పడుతున్నాయి. అయితే అవి ఎండకు పట్టినవి కావు.

ఆ పిల్లను ఇంట్లో అందరూ తూనీగ అంటారు. ఒక్కచోట కుదురుగా నిలబడితే కదా. అలాంటిది ఇవాళ పొద్దున్నుంచీ నోరు మెదపకుండా మూల కూర్చుంటోంది. జ్వరమేమోనని వాళ్ళమ్మ రెండుసార్లు నుదురు పట్టుకు చూసింది.

జ్వరమూ లేదు, గిరమూ లేదు. పొద్దున అమ్మ మేడ మీద చిక్కుడు పాదులో ఎండిపోయిన తీగలు తీసేద్దామనుకుంది. "నేనొచ్చేదాకా ఆగు. పెద్ద కత్తెర ముట్టుకోకు" అని తూనీగకు చెప్పి కిందికెళ్ళింది. తూనీగ ఆగితేగా. నాలుగు తీగలు టకటకా కత్తిరించేసింది. అయిదోది గట్టిగా తగిలింది. రెండు చేతులతో నొక్కితే తెగింది. చూస్తే లోపల రాగితీగ మెరుస్తోంది. పాదులో అల్లుకుపోయిన డిష్ కేబుల్ అది.

ఒకసారి కాలింగ్ బెల్ వైరు తెగితే నాన్న మెలిపెట్టి టేపు చుట్టాడు. అది గుర్తొచ్చి తనూ అలాగే రెండు కొసలూ కలిపి మెలిపెట్టింది. టేపు కనబడలేదు. మందుల డబ్బాలోంచి మోకాలి దెబ్బలకు వేసే ప్లాస్టర్లు మూడు తెచ్చి అతికించింది. పైన ఆకులు సర్ది, ఏమీ ఎరగనట్టు కిందికి దిగింది.

ఇంకో రోజైతే ఇంత గొడవ ఉండేది కాదు. ఇవాళ సాయంత్రం అయిదింటికి చిన్ననానమ్మ టీవీలో పాడుతోంది. ఆమె నానమ్మకు సొంత చెల్లెలు. యాభై ఏళ్ళుగా పిల్లలకు పాట నేర్పుతోంది కానీ, స్టేజీ ఎక్కమంటే సిగ్గుతో చల్లగా జారుకునేది. ఎట్టకేలకు ఒప్పుకుంది. ప్రోగ్రాం లైవ్. ఫోనులో రాదు, మళ్ళీ వెయ్యరు కూడా. నానమ్మ అక్కడే ముందు వరుసలో కూర్చోవాల్సింది. పది రోజుల కిందట జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇప్పుడు పిండికట్టుతో మంచం మీద ఉండి, "వచ్చిందా? టీవీ వచ్చిందా?" అని అయిదు నిమిషాలకోసారి కేకేస్తోంది. టీవీలో మాత్రం 'సిగ్నల్ లేదు' అన్న రెండు మాటలే ఉన్నాయి.

"బాక్సు బాగుంది. డిష్ కూడా బాగుంది. మధ్యలో కేబులే ఎక్కడో పోయింది సార్," అంది మెకానిక్ అక్క, వెనకే మేడ మీదికి వచ్చిన నాన్నతో. "ఎక్కడో తెలిస్తే అరగంట పని. తెలియకపోతే గోడ పైపులోంచి మొత్తం లాగి మార్చాలి. ఎంత తొందరపడ్డా ఆరు దాటుతుంది."

నాన్న వాచీ చూసుకున్నాడు. నాలుగుంపావు.

"ఈ కేబుల్ మీరేగా వేసింది? ఆర్నెల్లు కూడా కాలేదు," అన్నాడు చిరాగ్గా. "నాసిరకం వేసుంటారు."

అక్క ముఖం చిన్నబోయింది. "మంచిదే వేశాను సార్. అయినా వేసిన చెయ్యి నాదే కాబట్టి మాట పడాల్సిందీ నేనే," అని డిష్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కేబుల్‌ను జానెడు జానెడు తడమసాగింది. నాన్న విసవిసా కిందికి వెళ్ళిపోయాడు.

తూనీగ చిక్కుడు పాదు వైపు చూసింది. తను చేసిన పనికి ఈ అక్క తిట్లు తింటోంది. కింద నానమ్మ మళ్ళీ కేకేసింది.

"అక్కా," అంది తూనీగ. ఆమె తలెత్తలేదు. మళ్ళీ అంది. "అక్కా, ఆ పాదులో చూడు. నేనే... తీగ అనుకుని..."

మెకానిక్ అక్క ఆకులు తప్పించింది. ప్లాస్టర్లు వేయించుకున్న కేబుల్ బయటపడింది. ఆమె కాసేపు దానివంక, కాసేపు తూనీగవంక చూసింది.

"పాపం, దెబ్బ గట్టిగానే తగిలింది. దూది కూడా పెట్టాల్సింది," అంది. తూనీగకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అక్క ప్లాస్టర్ ఊడదీసి చూపించింది. మధ్యలో రాగితీగ, దాని చుట్టూ తెల్లటి పొర, ఆపైన జడలా అల్లిన సన్నటి తీగలు. "ఈ రాగితీగకు ఆ అల్లిక తగిలిందంటే సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. దీన్ని బెల్లు వైరులా మెలిపెడితే లాభం లేదు."

ఆమె డిష్ నుంచి గోడ పైపు దాకా ఉన్న పాడైన ముక్క తీసేసింది. కొత్త కేబుల్ కొలిచి కోసింది. ఈసారి పాదుకు దూరంగా, పిట్టగోడ వెంబడి క్లిప్పులు కొట్టింది. తూనీగ ఒక కొస పట్టుకుని బొమ్మలా నిలబడింది.

"నాన్నకు చెప్తావా అక్కా?"

"కేబుల్ సంగతి చూడ్డం నా పని. నీ సంగతి నువ్వు చూసుకో," అంది అక్క, కొసకు పిన్ను బిగిస్తూ.

వాళ్ళు కిందికి వచ్చేసరికి అయిదు కావడానికి రెండు నిమిషాలుంది. టీవీలో బొమ్మ వచ్చింది. నానమ్మ ముఖం విప్పారింది. అమ్మ ఆమె వెనక ఇంకో దిండు సర్దింది.

"నేను చెప్పలేదూ, వైరుదే లోపమని?" అన్నాడు నాన్న. "ఈసారైనా మంచిది వేశారా?"

"వేశాను సార్," అంది అక్క. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తూనీగ వైపు కూడా చూడలేదు. వంగి, బ్యాగులో సామాను సర్దుకుంటోంది.

టీవీ వచ్చేసింది. ఇక ఎవరూ ఏమీ అడగరు. ఊరుకుంటే సరిపోతుంది. కానీ అక్క వంచిన తల చూస్తుంటే తూనీగకు ఊరుకోబుద్ధి కాలేదు.

"నాన్నా, ఆ పాత వైరు మంచిదే," అంది. "పొద్దున నేనే కత్తిరించాను. అమ్మ వద్దన్నా వినలేదు. తెగాక ఆకులు కప్పి దాచాను."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. మెకానిక్ అక్క వైపు తిరిగాడు.

"ఏమనుకోకండమ్మా. ముందూ వెనకా చూడకుండా నోరు జారాను," అని తనే కుర్చీ తెచ్చి వేశాడు. "కూర్చోండి. పాట విని వెళ్ళండి."

"అయితే పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేసింది నువ్వన్నమాట," అంది నానమ్మ.

"నేనే నానమ్మా."

"పాట అయ్యాక తిడతాను. ముందు ఇటొచ్చి కూర్చో."

తూనీగ మంచం అంచున కూర్చుంది. చిన్ననానమ్మ మైకు ముందుకు వచ్చింది. మొదటి మాట దగ్గర గొంతు కాస్త వణికింది. నానమ్మ చటుక్కున తూనీగ చెయ్యి పట్టుకుంది. రెండో మాటకల్లా గొంతు కుదురుకుంది. ఆ తర్వాత పాట ఎక్కడా తడబడలేదు. తూనీగ కూడా కదలకుండా విన్నది.

చప్పట్లు మోగాయి. తూనీగ లేచి నానమ్మ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది.

"అయిపోయింది నానమ్మా. ఇక తిట్టు."

నానమ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఉండవే, అడ్డం లే. ఇంకో పాట ఉందంటున్నారు."