చిలక ఎంగిలి

పులివెందుల బస్టాండు వెనక సందులో, ప్రసన్నకుమారి ఇంటికి చిలక వచ్చి పదిహేడు రోజులైంది. అది ఇంకా నోరు విప్పలేదు. ఆమె కూతురు కెరోలిన్ కూడా విప్పలేదు. ఆ పిల్లకు అయిదో ఏడు నడుస్తోంది. ప్రొద్దుటూరులో చెవుల డాక్టరు అన్నీ చూసి, పిల్లకు బాగానే వినపడుతోంది, మాటలు అవే వస్తాయి, ఓపిక పట్టమన్నాడు. ఆ ఓపిక ప్రసన్న దగ్గర ఎప్పుడో అయిపోయింది. ఒక్కసారి "అమ్మా" అని పిలిపించుకుంటే చాలు, ఆ తర్వాత జన్మంతా నోరు మూసుకున్నా సరే అనుకునే దాకా వచ్చింది.

చిలక ఆలోచన అత్త రత్నమ్మది. మాట్లాడే చిలక కొరికిన జామకాయ తింటే పిల్లలకు మాటలొస్తాయని ఆమె నమ్మకం.

"పాస్టరయ్యకు మాత్రం చెప్పగాకు," అంది. "ప్రార్థన ప్రార్థనే, జామకాయ జామకాయే."

ఊరి బయట చీనీతోటకు, అంటే బత్తాయి తోటకు, కాపలా ఉండే జమాల్, చిలకను పంజరంతో సహా తెచ్చిచ్చాడు. చెట్టుకు ఎవరో తగిలించి పోయారట.

"ఎవురిది జమాలన్నా?"

"ఏమోమ్మా. వారం చూసినా. ఎవురూ రాలా."

మాట రాని చిలక ఎంగిలికి గుణమెక్కడిది? ముందు దానికి నేర్పాలి. రోజూ మధ్యాహ్నం పంజరం మీద పాత చీరముక్క కప్పి, అత్తాకోడళ్లు పక్కన కూర్చుని "అమ్మా... అమ్మా..." అని అరగంట వల్లె వేసేవాళ్లు. చీకట్లో ఉంటే దాని ధ్యాస మాట మీదే ఉంటుందట. ప్రసన్నకు అంత నిదానం ఎక్కడిది? చిలక పలకకముందే, అత్త చూడకుండా, అది కొరికిన జామకాయ పిల్ల చేతిలో పెట్టేసింది. వారంగా పెడుతూనే ఉంది.

ఆ రోజు రత్నమ్మ పంజరానికి గుడ్డ కప్పి, చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లింది. కరెంటు పోయింది. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. ప్రసన్న వంటింట్లో గిన్నెలు సర్దింది, తీసింది, మళ్లీ సర్దింది. కాలు ఒకచోట నిలవడం లేదు. ఫ్యాను ఆగిన ఇంట్లో ఏదో వాసన. ముగ్గిన జామకాయది కాదు. చాలాకాలం తలుపులు మూసి ఉంచిన గదిలాంటి వాసన, పంజరం ఇంటికొచ్చిన రోజు దాన్నుంచి వచ్చినదే.

అప్పుడు వినిపించింది.

"అమ్మా... అను. అమ్మా..."

ఆడగొంతు. గుసగుసగా.

అత్త వచ్చేసిందనుకుని వీధి తలుపు వైపు చూసింది. తను పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది. అంటే చిలకకు మాటొచ్చింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ముందుగదిలోకి పరుగెత్తింది.

కెరోలిన్ పంజరం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. ప్రసన్న గుడ్డ లాగేసింది.

చిలక ఒక మూలకు అంటుకుపోయి వణుకుతోంది. ముక్కు రెక్కలో దాచుకుంది.

"అమ్మా... అను తల్లీ..."

గొంతు ఆగలేదు. చిలకది కాదు... పంజరం అవతల, గోడ వైపు నుంచి వస్తోంది. అక్కడ ఎవరూ లేరు.

ప్రసన్న అక్కడే కూలబడి, పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "కెరో... నన్ను చూడు. నేనుండా ఈడ... నన్ను పిలువు..."

పిల్ల తల్లి మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత గోడ వైపు తిరిగింది. నోరు తెరిచింది. ఇన్నేళ్లు ప్రసన్న ఎదురుచూసిన మాట, ఒక్క అక్షరం తప్పకుండా, ఎంతో ముద్దుగా వచ్చింది.

"అమ్మా."

"వస్తాండా తల్లీ," అంది గోడ దగ్గరి గొంతు.

కెరోలిన్ ప్రసన్న చేతులు విడిపించుకుని లేచి నిలబడింది. ఎత్తుకోమన్నట్టు రెండు చేతులూ చాచింది. ఆ చిన్న మడమలు నేల మీంచి లేచాయి.

తర్వాత కాలివేళ్లు కూడా...