రాత్రి హాజరు

సిరిసిల్లలో రాత్రంటే చప్పుడే. ఏ వీధిలో చూసినా సాంచెలు, అంటే మరమగ్గాలు, టకటకమని కొట్టుకుంటూ ఉంటాయి. మా షెడ్డులో పన్నెండు. ఆరు నావి, ఆరు జలపతివి. మెషిన్ ఆయిలూ నూలుకు పెట్టిన గంజీ కలిసిన ఆ పుల్లటి వాసన ఎంత తోముకున్నా ఒంటిని వదలదు. ఇరవై రెండేళ్లకే నాకు ముసలాడి నడుము వచ్చింది.

జలపతిది రాయికల్. నాకంటే ఏడాది చిన్న. ఒకచోట కుదురుగా నిలవని మనిషి. పది దాటితే తన సాంచెలు నాకు అప్పజెప్పి ఊరి మీద పడేవాడు. కల్లు, సెకండ్ షో, బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు. తెల్లవారుజామున ఆ వాసనలన్నీ మోసుకొచ్చేవాడు. ఆ మధ్య ఎవరెవరిని కలుస్తున్నాడో నేను అడగలేదు. అడవిలోంచి అన్నలు ఊళ్లలోకి వచ్చిపోయే ఆ రోజుల్లో తెలుసుకోవడమే ఒక తంటా.

ఒంటిగంటకు ఆసామి, అంటే షెడ్డు యజమాని, పెట్టిన మనిషి ఓదెలు వీధి కిటికీలోంచే హాజరు పిలిచేవాడు. లోపలికి రావడానికి బద్ధకం. "మల్లేశం" అంటే "ఆ" అనేవాణ్ణి. "జలపతి" అంటే గొంతు మార్చి మళ్లీ నేనే "ఆ". రాత్రి పనివాళ్లు ఒకరికొకరు చేసుకునే సాయమే అది. ఏడాది అట్లా నడిచిపోయింది.

ఒక రాత్రి "జలపతి" అని పిలుపొచ్చింది. నిద్రమత్తులో "ఆ" అన్నాను. పిలిచింది ఓదెలు కాదు. ఎవరో ఇద్దరు పోలీసులు, మఫ్టీలో. బయటికి లాగి జీపెక్కించబోయారు. ప్రాణం తీపి కదా!

"నేను కాదు సార్, వాడు సెకండ్ షోకు పోయిండు" అని టాకీసు పేరుతో సహా చెప్పేశాను. నన్ను వదిలేసి జీపు అటు తిప్పారు.

నాలుగో రోజు పేపర్లో ఎదురుకాల్పులని వేశారు. జలపతి ఫోటో ఉంది. నేను చెప్పకపోతే బతికేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పన్నెండు సాంచెలూ నడుపుతూ వచ్చాను.

వాడు చనిపోయిన పదకొండో రాత్రి కరెంటు పోయింది. ఊరంతా ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దానికి చెవులు నొప్పిపుట్టాయి. దీపం వెలిగించే ఓపిక కూడా లేదు. చీకట్లో అట్లాగే కూర్చున్నాను. అప్పుడు వాసన వచ్చింది... పులిసిన కల్లు. బజ్జీల నూనె.

కిటికీ అవతల బూట్ల చప్పుడు.

"మల్లేశం..."

ఓదెలు గొంతు కాదు.

"మల్లేశం... మాట్లాడవేంది?"

వాళ్లే. చూసినవాణ్ణి మిగల్చరు. వెనక తలుపు లేదు. చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాను. మూడోసారి పిలిచారు.

"ఆ."

నేను కాదు... నా వెనక, జలపతి సాంచెల మధ్యలోంచి. కానీ గొంతు నాదే.

చల్లగా ఏదో నా భుజాన్ని రాసుకుంటూ తలుపు వైపు వెళ్లింది. గొళ్లెం తీసిన చప్పుడు. జీపు కదిలింది. నాకు స్పృహ తప్పింది.

బాగా పొద్దెక్కాక ఓదెలు వచ్చాడు. నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వు... ఎప్పుడచ్చినవ్‌రా?"

"నేనేడికి పోయిన?"

"రాత్రి నిన్ను జీపెక్కిచ్చుకొని పోంగ ఈ కండ్లతోని చూసిన. పొద్దుగాల వేములవాడ తొవ్వల శవం దొరికింది. నిన్ను కన్న మీ అవ్వ గాడనే కూసొని ఏడుస్తుంది. మొఖం తుడిచి చూసి మరీ చెప్పింది... నువ్వేనని."